పిట్టల మావయ్య, పురుగుల మేనల్లుడు: ఉప్పలపాడు, ఆటపాక, కొల్లేరు

నాకు పిట్టల పిచ్చి, మా అక్క కొడుక్కి పురుగుల పిచ్చి. ఇద్దరం కలిసి బయల్దేరితే నడక ఒక పట్టాన సాగదు. నేను పైకి చూస్తూ ఆగితే వాడు కిందకి చూస్తూ ఆగుతాడు. సంక్రాంతి సెలవుల్లో వాణ్ణి వెంటబెట్టుకుని శనివారం ఉప్పలపాడు, ఆదివారం కొల్లేరు సరస్సు, దాని ఒడ్డున పక్షులు గూళ్లు పెట్టే ఆటపాక చూసొచ్చాను. విజయవాడ చుట్టుపక్కల వాళ్లు ఇద్దరు ముగ్గురు వివరాలు అడిగారు కాబట్టి ఎక్కడ ఏం బాగుందో, ఏం బాగాలేదో రాస్తున్నాను.

ఉప్పలపాడుకి గంట చాలు. గుంటూరు పక్కనే మామూలు పల్లెటూరి చెరువు. చెరువు మధ్యలో చెట్ల మీదా, ఇనప స్టాండ్ల మీదా పక్షులు కిక్కిరిసి ఉంటాయి. గూడబాతులు (పెలికన్లు), ఎర్రకాళ్ల కొంగలు, చిల్లుముక్కు కొంగలు, నీటికాకులు, అన్నీ ఒకే అపార్ట్‌మెంట్‌లో కాపురం ఉన్నట్టు. నడక తక్కువ, పక్షులు దగ్గర, బైనాక్యులర్స్ లేకపోయినా ఇబ్బంది లేదు. చిన్నపిల్లలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఉంటే నేనైతే ఇక్కడికే తీసుకెళ్తాను. గాలి మన వైపు తిరిగితే మాత్రం రెట్టల వాసనకి ముక్కు మూసుకోవాల్సిందే. మా వాడు చెరువు చుట్టూ ఒక రౌండేసి వచ్చి, "మావయ్యా, ఇక్కడ అన్నీ పెద్దవే ఉన్నాయి" అని పెదవి విరిచాడు. మధ్యాహ్నానికి విజయవాడ వచ్చి భోంచేసి, గుడివాడ మీదుగా భీమవరం వెళ్లే రైలెక్కి కైకలూరులో దిగాం.

కొల్లేరు చూడాలంటే ఎక్కడ దిగాలన్నది పెద్ద చర్చే. ఏలూరులో హోటళ్లు బాగుంటాయి, భీమవరంలో ఇంకా బాగుంటాయి. కానీ అక్కణ్ణుంచి తెల్లవారుజామున బయల్దేరి వచ్చేసరికి పొద్దెక్కిపోతుంది, మంచులో కనిపించాల్సినవన్నీ అయిపోతాయి. అందుకే ఎన్ని లోపాలున్నా కైకలూరులోనే పడుకోవాలని నా పట్టు. ఆటపాక అక్కణ్ణుంచి ఆటోలో పది నిమిషాలు.

లోపాలు అన్నాను కదా. లాడ్జి పేరు చెప్పను. ఫొటోల్లో తెల్లటి దుప్పట్లు, గోడకి సముద్రం బొమ్మ. గది అద్దె 1400. సముద్రం బొమ్మ నిజంగానే ఉంది. గీజర్‌కి ఎర్రలైటు వెలుగుతుంది, నీళ్లు మాత్రం వేడెక్కవు. కౌంటర్లో అడిగితే "కాసేపు వదిలేయండి సార్, వస్తాయి" అన్నాడు. తెల్లారేదాకా రాలేదు. దానికన్నా పెద్ద తప్పు, కిటికీకి దోమతెర లేదు. మేం లైటేసి, కిటికీ తీసి, టిఫిన్‌కి వెళ్లొచ్చాం. తిరిగొచ్చేసరికి ట్యూబ్‌లైటు కింద గోడంతా బూడిద రంగు తిరిగింది. దుప్పటి మీద చేత్తో తుడిస్తే గుప్పెడు వచ్చాయి.

నేను కౌంటర్‌కి ఫోన్ చేసి గొడవ పెట్టుకుంటుంటే, మావాడు ఫోన్ కెమెరాకి చిన్న లెన్స్ తగిలించి మంచం మీద బోర్లా పడుకున్నాడు. "దోమలు కావు మావయ్యా, ఇవి కుట్టవు. చూడు, మీసాలు." చూశాను. గింజంత ఒంటికి, తల ముందు రెండు కుచ్చు మీసాలు, నెమలి ఈకని గోరంత చేసి అతికించినట్టు. మగవాటికే అలా ఉంటాయట, ఆడదాని రెక్కల చప్పుడు పట్టుకోవడానికి. కుట్టడానికి సూదిలాంటి నోరే లేదు. వీటిని మిడ్జ్‌లంటారు. వీటి పిల్లలు చెరువు అడుగు బురదలో ఉంటాయి. ఎర్రదారం ముక్కల్లా ఉండే ఆ పిల్లల్నే అక్వేరియం షాపుల్లో చేపల మేతగా అమ్ముతారు. బురదలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి వాటి ఒంట్లో కూడా మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ లాంటిదే ఉంటుంది, ఆ ఎరుపు దానిదే. చుట్టూ ఇన్ని చేపల చెరువులున్న ఊళ్లో లైటు వేసి కిటికీ తీయడం మాదే తప్పు. అయినా 1400 తీసుకున్నవాడు జానెడు తెర కట్టొచ్చు. మీరు వెళ్తే డబ్బు కట్టకముందే కిటికీ చూసుకోండి, సొంత దుప్పటి పట్టుకెళ్లండి.

ముందురోజు మాట్లాడుకున్న కారు డ్రైవర్ తెల్లవారుజామున ఐదింటికి ఫోన్ ఎత్తలేదు. ఐదున్నరకి స్విచాఫ్. టెన్షన్ పడుతూ రోడ్డు మీదకొస్తే, పాలక్యాన్లు దించుతున్న ఆటో ఆయన కనిపించాడు. "బాబాయ్, గట్టు మీదకి వస్తావా?" అంటే, ఎక్కడికీ, ఎందుకూ అని అడక్కుండా ఎక్కించుకున్నాడు. తొమ్మిదింటిదాకా మాతోనే ఉన్నాడు. మొత్తం ట్రిప్పులో ఇచ్చిన డబ్బుకి న్యాయం జరిగింది ఇక్కడే.

కొల్లేటి చాంతాడు అంటారు కదా, ఆ గట్లు కూడా అలాంటివే, ఎంత దూరం పోయినా తెగవు. రెండు పక్కలా నీళ్లు, ఏది సరస్సో ఏది చేపల చెరువో మంచులో తెలీదు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో బుడమేరు, తమ్మిలేరు లాంటివి వచ్చి పడితే, ఉప్పుటేరు ఒక్కటే సముద్రానికి తీసుకుపోయే నీరు ఇది. 1999లో ఐదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఆ అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆటో బాబాయ్ ఆ ఏడాది పేరెత్తగానే గొంతు తగ్గించాడు. "మాకు రెండెకరాలుండేదండీ" అన్నాడు. అంతకుమించి నేనూ అడగలేదు.

ఆరున్నరకి కిక్కిస రెల్లు దుబ్బుల్లో నీలి బొల్లికోళ్ల అరుపులు మొదలయ్యాయి. ఒక తాటిదోనె మంచులోంచి వచ్చి మంచులోకే పోయింది. నేను బైనాక్యులర్స్ తుడుచుకుంటుంటే మావాడు చొక్కా పట్టి లాగాడు. మోకాలెత్తున కిక్కిస ఆకు మీద ఒక తూనీగ. ఒళ్లంతా మంచు బిందువులు. రెక్కల్లోని గీతల జల్లెడలో ఒక్కో గడికీ ఒక్కో బిందువు. కళ్ల మీద కూడా. అంత పెద్ద కళ్లతో చూస్తూ కూడా కదల్లేదు, వేలు ఇంత దగ్గరికి పెట్టినా. చలికి దాని కండరాలు పనిచెయ్యవు, ఎండలో ఒళ్లు కాచుకుంటే తప్ప ఎగరలేదు. పగలు వెంటపడినా అందని తూనీగని దగ్గర్నుంచి ఫొటో తీయాలంటే శీతాకాలం పొద్దున్నే రావాలి. అదే ఆకుకి కొంచెం కింద, ఖాళీ చొక్కా ఒకటి వేలాడుతోంది. నీళ్లలో పెరిగిన పిల్ల తూనీగ పైకెక్కి, వీపు చీల్చుకుని బయటికొచ్చి, వదిలేసిన కుబుసం. చీలికలోంచి సన్నటి తెల్లదారాలు బయటికి ఉన్నాయి. అవి దాని ఊపిరి గొట్టాల లోపలి పొరలట.

ఎండొచ్చాక ఎక్కువ కనిపించింది నారింజ రంగు డిచ్ జ్యువెల్ అనే తూనీగ. మావాడికి అది నచ్చలేదు. "ఇది మురికినీళ్లు తట్టుకునే తూనీగ మావయ్యా, ఇవే ఇన్ని ఉన్నాయంటే నీళ్లు బాగాలేవని." చేపల మేత వాసన, గుర్రపుడెక్క చూస్తే నాకూ అలాగే అనిపించింది.

తొమ్మిదిన్నరకి ఆటపాక. టికెట్టు, బోటు ఖర్చు పెద్దగా అనిపించదు. బోటు మనల్ని పక్షుల స్టాండ్ల చుట్టూ తిప్పుతుంది. గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి మెడదాకా దూరిపోయి తింటుంటే, తల్లిని మింగేస్తోందేమో అనిపిస్తుంది. ఇంత దగ్గరగా చూడటం నాకు ఇంకెక్కడా దొరకలేదు, అందుకోసం ఆటపాకకి మొదటి మార్కు. మా బోటులో ఒక కుటుంబం ఫోన్లో పాటలు పెట్టారు. ఆపమంటే ఆపారు, మొహం మాత్రం మాడ్చుకున్నారు.

ఒక్క మాట. ఈ గూడబాతులు సైబీరియా నుంచి వచ్చాయని బోటులో ఎవరో ఒకరు చెబుతారు, పక్కవాళ్లు అవునంటారు. కాదు. గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ మన దేశంలోనే పుట్టి పెరిగేవి, గూడు పెట్టుకోవడానికి ఇక్కడ చేరతాయి. నిజంగా అంత దూరం నుంచి వచ్చేవి సూదితోక బాతుల్లాంటివి, బురదలో తిరిగే చిన్న చిన్న ఉల్లంకులు. వాటి కోసం బోటెక్కేవాళ్లు లేరు.

పదిన్నర దాటితే పిట్టలవాళ్లంతా కార్లెక్కుతారు. నేనూ ఇన్నేళ్లూ అంతే. ఈసారి మావాడి బలవంతం మీద మధ్యాహ్నం దాకా ఉన్నాను. గట్టు పక్క జిల్లేడు చెట్ల దగ్గరే గంట గడిచింది. ఒక ఆకు కింద నలుపు, తెలుపు, పసుపు పట్టీల గొంగళిపురుగు, ఒంటి మీద మూడు జతల నల్లకొమ్ములు. ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక పిల్ల. ఆకు కొరికిన చోట పాలు కారుతుంటే అది నింపాదిగా తింటోంది. ఆ పాలలోని విషమే దాని ఒంట్లో చేరి, పిట్టలు దాన్ని ముట్టుకోకుండా చేస్తుంది.

భోజనం కైకలూరులో ఒక మెస్‌లో. బొమ్మిడాయిల పులుసు అడిగితే అయిపోయిందన్నారు, కొర్రమీను పెట్టారు. చింతపండు కాస్త ఎక్కువైనా ముక్క తాజాగా ఉంది. ఫ్యాను లేదు, చెయ్యి కడుక్కునే చోట వరసలో నిలబడాలి. అయినా మళ్లీ వెళ్తాను.

తిరుగు రైలుకి రెండు గంటలుందని ఏలూరు రోడ్డులో పెదయడ్లగాడి వంతెన దాకా వెళ్లాం. నీళ్లు తగ్గిన చోట బురద మెరుస్తోంది. దాని మీద ముప్ఫై నలభై ఉల్లంకులు, కుట్టుమిషను సూదిలా ముక్కులు దించి లేపుతున్నాయి. బైనాక్యులర్స్ మావాడికిచ్చాను. చాలాసేపు మాట్లాడలేదు.

"ఎర్రగా ఏదో లాగింది మావయ్యా."

"ఏంటది?"

"రాత్రి మన దుప్పటి మీద పడ్డవాటి పిల్ల అయ్యుంటుంది."

ఆ తర్వాత వాణ్ణి అక్కణ్ణుంచి లేపడం నా తరం కాలేదు. రైలు పోయింది. చీకటిపడ్డాక ఏలూరు బస్సు పట్టుకుని, అక్కణ్ణుంచి నిలబడే విజయవాడ చేరాం.