జీడితోటలో ఆకులూదే మిషన్: ఒక ఎండాకాలం వాడాక

మాది శ్రీకాకుళం జిల్లా మందస మండలం. మహేంద్రగిరి కొండల దిగువన మూడెకరాల జీడితోట. మా ఆయన చెన్నైలో పని చేస్తారు, తోట చూసుకునేది నేనే. పోయినేడు మార్చిలో కొండ మీంచి నిప్పు దిగి 14 చెట్లు పాడయ్యాయి. జీడిచెట్టుకి మంట అంటుకోనక్కర్లేదు. కింద ఆకు కాలితే చాలు, ఆ సెగకే పూతా పిందే నల్లబడి రాలిపోతాయి. పచ్చి కొమ్మలు విరిచి రాత్రి పది దాకా కొడుతూనే ఉన్నాం. ఈ ఏడు ముందే ఫైర్‌లైన్ తీయాలని ఆ రాత్రే అనుకున్నాను.

ఫైర్‌లైన్ అంటే తోటకీ కొండకీ మధ్య ఆకూ గడ్డీ లేకుండా నేల కనిపించే బాట. మాది మూడు మీటర్ల వెడల్పు. ఒకసారి ఊడ్పిస్తే సరిపోదు. జీడి ఆకు, ఇప్ప ఆకు ఎండాకాలమంతా రాలుతూనే ఉంటాయి, పదిహేను రోజుల్లో బాట మళ్ళీ కప్పేస్తుంది. ప్రతిసారీ నలుగురు కూలీలంటే మావల్ల కాదు. అందుకే జనవరిలో ఆకులూదే మిషన్, అంటే 26 సీసీ పెట్రోలు బ్లోయర్ కొన్నాను, 9,800 రూపాయలు. వీపుకి తగిలించుకునేది కూడా చూశాను కానీ దాదాపు పది కిలోలు. ఏటవాలులో నాకు కుదరదు. చేత్తో పట్టుకునేది ఐదు కిలోల లోపే.

పని మాత్రం బాగా చేస్తుంది. నలుగురికి ఒక పూట పట్టే బాట నేను ఒక్కదాన్నే గంటన్నరలో తీస్తున్నాను. ఎండిన జీడి ఆకు దోనెలా ముడుచుకుని ఉంటుంది కదా, గాలి దాని కిందకి దూరి ఇట్టే లేపేస్తుంది. కష్టమల్లా అడుగు పొరతోనే. మంచుకి తడిసి నేలకి అతుక్కున్న ఆకు ఉదయం పూట కదలదు, పది దాటాక ఊదితే వస్తుంది. గడ్డి మాత్రం ముందే కొడవలితో కోసుకోవాలి, ఈ మిషన్‌కి గడ్డి లొంగదు.

మొదటిసారి ఊదిన ఆకంతా కొండ వైపు గట్టులా పేర్చాను. కింద ఊరి సవర తాత చూసి, “ఆకు కుప్ప కొండేపు పెట్టకమ్మా, నిప్పొస్తే కుప్పెక్కి ఇటు దూకుతాది” అన్నాడు. నిజమే, కుప్ప దగ్గర మంట ఎత్తుగా లేస్తుంది. అప్పట్నించి ఆకుని పల్చగా తోట లోపలికి చెదరగొడుతున్నాను.

కొనేవాళ్ళు ఆయిల్ సంగతి గట్టిగా చూసుకోండి. టూ స్ట్రోక్ ఇంజన్ కాబట్టి పెట్రోల్లో ఆయిల్ కలపాలి. షాపులో లీటరుకి 20 ఎమ్మెల్ అన్నారు. ఇంటికొచ్చి పుస్తకం చూస్తే నా మోడల్‌కి 40. వాళ్ళ మాట మీద వాడుంటే ఇంజన్ పట్టేసేది. అడిగితే “ఏదైనా పర్లేదండీ” అన్నారు. నాకు చాలా కోపమొచ్చింది. దుమ్ములో పని కాబట్టి ఎయిర్ ఫిల్టర్ కూడా ప్రతి వాడకానికీ దులుపుకోవాలి, లేకపోతే తాడు ఎంత లాగినా స్టార్ట్ అవదు.

ఇంకొకటి, ఇదే అన్నిటికన్నా ముఖ్యం. ఆపిన వెంటనే సైలెన్సర్ కాలిపోతూ ఉంటుంది. ఎండాకు మీద పెట్టారంటే అడవికి నిప్పు మనమే పెట్టినట్టు. నేను ఒక బండరాయి చూసుకున్నాను, మిషన్ దాని మీదే పెడతాను, చల్లారాకే పెట్రోలు పోస్తాను. రగులుతున్న నిప్పు మీద మాత్రం దీన్ని తిప్పకండి, నిప్పురవ్వలు ఎగిరి తోటలో పడతాయి. మంట చూస్తే 101కి ఫోన్ చేయండి, అటవీ శాఖ వాళ్ళకీ చెప్పండి.

మార్చి నెలాఖరున మళ్ళీ కొండ అంటుకుంది. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు కాల్చారో, బీడీ ముక్కో, తెలీదు. ఉపగ్రహంతో అడవి మంటలు కనిపెట్టి ఫోన్‌కి కబురు పంపే ఫారెస్ట్ సర్వే వాళ్ళ ఎస్సెమ్మెస్‌కి పేరిచ్చాను కానీ ఉపగ్రహం మా మీదుగా వెళ్ళినప్పుడే కదా దానికి కనిపించేది, మాకు ముందు పొగ వాసనే వచ్చింది. మంట బాట దాకా వచ్చి, తినడానికేం లేక మోకాలెత్తు నుంచి జానెడై ఆరిపోయింది. నేను అక్కడే నిలబడి చూశాను, కాళ్ళు వణుకుతున్నాయి.

ఒక్క చోట దాటింది. 2018 తిత్లీ తుపానుకి పడ్డ జీడిచెట్టు మొద్దు ఒకటి బాటకి అడ్డంగా ఉంది. ఆకు ఊదాను గానీ మొద్దుని మిషన్ ఏం చేస్తుంది? నిప్పు దాని తొర్రలోకి దూరి, రాత్రంతా లోపలే రాజుకుని, తెల్లారుజామున గాలికి ఇవతల రవ్వలు రాల్చింది. మూడు చెట్లు పోయాయి. తొర్రలో ఆరు బిందెలు నీళ్ళు పోసినా మర్నాడు మధ్యాహ్నం దాకా పొగ వస్తూనే ఉంది.

ఆ మొద్దుని కోయించి తీసేశాం. తోటలో ఇంకా రెండున్నాయి, వానలు పడేలోపు వాటినీ తీయించాలి.