టెఫ్లాన్ కీ ఉన్న 50 మి.లీ. బ్యూరెట్: డిగ్రీ ల్యాబుకు కొనదగ్గదేనా?

బీఎస్సీ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో లెక్క తేడా వస్తే అందరూ ముందు ఎండ్ పాయింట్‌నే (చర్య పూర్తయిందని రంగు మారి తెలిపే క్షణాన్నే) అనుమానిస్తారు. దానికంటే ముందు బ్యూరెట్ (ద్రావణాన్ని కొలుస్తూ చుక్కచుక్కగా వదిలే గీతల గాజు గొట్టం) కీని, అంటే దాని కింది కుళాయిని చూడాలి. పాత గాజు కీ బ్యూరెట్ల స్థానంలో టెఫ్లాన్ కీవి కొనాలా, కొంటే కచ్చితత్వం ఎక్కువున్న క్లాస్ ఏ తీసుకోవాలా, తక్కువున్న క్లాస్ బీ చాలా అని అడిగేవాళ్లకు మా సలహా ఒకటే: డబ్బు కీ మీద పెట్టండి, క్లాస్ మీద కాదు.

గాజు కీకి వాజెలిన్ రాయక తప్పదు. కాస్త ఎక్కువైతే కీ రంధ్రంలోకీ, కింది ముక్కులోకీ జిడ్డు చేరి ధార ఆగిపోతుంది. తక్కువైతే కారుతుంది. కాస్టిక్ సోడాతో టైట్రేషన్ (ఒక ద్రావణాన్ని ఇంకోదానిలోకి చుక్కచుక్కగా వదిలి గాఢత కనుక్కోవడం) చేసి కడగకుండా వదిలేస్తే ఇంకా కష్టం. క్షారం గాజును మెల్లగా తింటుంది, అంచుల్లో ఆరిన ద్రావణం కార్బొనేట్‌గా గట్టిపడుతుంది, మర్నాటికి కీ కదలదు. బలవంతంగా తిప్పితే విరుగుతుంది. టెఫ్లాన్‌కు జిడ్డు అక్కర్లేదు. ఆమ్లం, క్షారం, పర్మాంగనేట్, అయొడిన్, ఏదీ దాన్ని ఏమీ చేయదు. రబ్బరు గొట్టం, క్లిప్పు ఉండే చవక రకం మాత్రం పర్మాంగనేట్‌కూ అయొడిన్‌కూ సిల్వర్ నైట్రేట్‌కూ పనికిరాదు, అవి రబ్బరుతో చర్య జరుపుతాయి.

టెఫ్లాన్‌కూ ఒక బలహీనత ఉంది. అది మెత్తటి పదార్థం, ఒత్తిడి కింద ఉంచితే ఆకారం మారిపోతుంది. కారుతోందని విద్యార్థులు నట్‌ను బలంగా బిగిస్తారు, కీ నొక్కుకుపోతుంది, ఆ తర్వాత ఎంత బిగించినా కారుతూనే ఉంటుంది. కీ దూర్చాక పలుచటి టెఫ్లాన్ వాషర్, దాని మీద రబ్బరు రింగు, ఆఖరున నట్: ఈ వరస తప్పకూడదు. రెండు వేళ్లతో తిప్పితే కీ సాఫీగా తిరిగేంత బిగువు చాలు. సెలవులకు ముందు నట్ వదులు చేసి పెట్టాలి. ఈ ఒక్క పని అటెండరుకు అలవాటు చేస్తే కీలు ఏళ్ల తరబడి వస్తాయి.

ఇక క్లాస్ సంగతి. 50 మి.లీ. బ్యూరెట్‌కు క్లాస్ ఏ అయితే అనుమతించే తేడా 0.05 మి.లీ., క్లాస్ బీ అయితే 0.1 మి.లీ. గీతలు రెండింటిలోనూ 0.1 మి.లీ.కి ఒకటి. ఒక చుక్క సుమారు 0.05 మి.లీ. ఉంటుంది కాబట్టి, రంగు మారాక ఒక్క చుక్క ఎక్కువ పడినా క్లాస్ ఏకి పెట్టిన డబ్బు దండగే. దీనికంటే టైటర్ విలువను (ఎండ్ పాయింట్ దాకా బ్యూరెట్ నుంచి వదిలిన పరిమాణాన్ని) పెంచుకోవడం మేలు. 0.1 మి.లీ. తేడా 20 మి.లీ. మీద అర శాతమే, 5 మి.లీ. మీద 2 శాతం. 0.1 మోలార్ (గాఢత కొలమానం) మోర్ లవణం (ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్) ద్రావణం 20 మి.లీ. తీసుకుని 0.02 మోలార్ పర్మాంగనేట్‌తో చేస్తే సరిగ్గా 20 మి.లీ. దగ్గర పడుతుంది. ద్రావణాలు అలా తయారు చేసుకోవాలి. ప్రాజెక్టులకూ, ఫార్మా కంపెనీల క్యూసీ (నాణ్యత తనిఖీ) ఉద్యోగాలకు వెళ్లేవాళ్ల శిక్షణకూ మాత్రం సర్టిఫికెట్ ఉన్న క్లాస్ ఏ రెండు ఉంచుకోండి.

సరుకు రాగానే రెండు పరీక్షలు చేయాలి. సున్నా దాకా నీళ్లు నింపి, కీ మూసి 20 నిమిషాలు నిలబెట్టండి. మట్టం ఒక గీత కంటే ఎక్కువ దిగితే వెనక్కి పంపేయండి. తర్వాత 10 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ మూత ఉన్న వెయింగ్ బాటిల్‌లోకి వదిలి తూయండి. 27 డిగ్రీల దగ్గర అది 9.955 గ్రాములు తూగాలి. అలా పదేసి మి.లీ. చొప్పున కింది దాకా చూస్తే గొట్టం ఎక్కడ సన్నగా, ఎక్కడ వెడల్పుగా ఉందో తెలిసిపోతుంది.

కీ ఎంత మంచిదైనా ముక్కులో గాలి బుడగ ఉంటే రీడింగ్ తప్పే. కీ పూర్తిగా తెరిచి ఒక్కసారి ధారగా వదిలితే బుడగ పోతుంది. నింపాక గరాటు తీసేయాలి, లేకపోతే దాని చుక్కలు మధ్యలో పడతాయి. పర్మాంగనేట్ ముదురు రంగులో మెనిస్కస్ (ద్రావణం మట్టం దగ్గరి వంపు) అడుగు కనిపించదు, అందుకే మొదటా చివరా పై అంచునే చదవాలి. గోడల మీద నీటి చుక్కలు నిలిచాయంటే లోపల జిడ్డుంది, గోరువెచ్చటి సబ్బు నీళ్లలో నానబెట్టాలి. గోధుమ మరకలు మాంగనీస్ డయాక్సైడ్‌వి. సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన ఆక్సాలిక్ ఆమ్లంతో అవి పోతాయి. ఆరబెట్టడానికి ఓవెన్‌లో మాత్రం పెట్టకండి.

ఆర్డరు పెట్టేటప్పుడు మొత్తం బ్యాచ్‌కు ఒకే కంపెనీవి, ఒకే మోడల్ తీసుకోండి. ఒక కంపెనీ కీ ఇంకో కంపెనీ గొట్టానికి సరిపోతుందన్న నమ్మకం లేదు. వాటితో పాటే పది బ్యూరెట్లకు రెండు చొప్పున కీలు, వాషర్లు, నట్లు విడిగా తెప్పించుకోండి.