"రీకాల్స్ అన్నీ క్లియర్ అక్కా" అన్నాడు. కారు కొనేముందు ఇది చదవండి

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, రాతలో తేడా ఉంటే సర్దుకోండి. అమెరికాలో మనవాళ్లంతా పాత కార్ల కోసం వెళ్లే ఆ డీలర్ ఎవరో విడిగా చెప్పక్కర్లేదు. ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా ఆయన ప్రకటనే. పేరు రాయను. ఒక్కసారి వెళ్లినవాళ్లకి కూడా అర్థమైపోతుంది.

కథ పెద్దగా ఏం లేదు. మూడు వరసల సీట్లున్న బండి తీసుకున్నాం, నడుస్తోంది. ఆయిల్ మార్పిద్దామని ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే, కౌంటర్‌లో ఉన్నాయన విన్ నంబర్ (ప్రతి కారుకీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) కొట్టి, "దీనిమీద సేఫ్టీ రీకాల్ పెండింగ్ ఉంది, మీకు తెలుసా?" అన్నాడు. తెలీదన్నాను. రీకాల్ అంటే, బండిలో భద్రతకి సంబంధించిన లోపం బయటపడితే కంపెనీయే వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేయడం. కాగితం ప్రింట్ తీసి ఇచ్చాడు. రీకాల్ తేదీ చూశాను. మేం కొనడానికి చాలా ముందుదే.

విషయమేంటంటే, కారులో తలుపుల మధ్య స్తంభాల్లా ఉండే పిల్లర్లకీ, పైకప్పు అంచులకీ లోపలివైపు ప్లాస్టిక్, గుడ్డ అతికించి ఉంటాయి కదా. వాటి వెనకాల దెబ్బని పీల్చుకునే మెత్తలు ఉండాలి. కొన్ని కార్లలో ఫోమ్, కొన్నింటిలో నలిగిపోయేలా గళ్లుగళ్లుగా చేసిన ప్లాస్టిక్. నా కారు బ్యాచ్‌లో కొన్నింటికి ఫ్యాక్టరీలోనే వెనక సీట్ల వైపు ఆ మెత్తలు పెట్టలేదట. పైకి ఏమీ తెలీదు. గుడ్డ నీట్‌గా ఉంటుంది, ప్లాస్టిక్ మెరుస్తూ ఉంటుంది, లోపల మాత్రం ఉత్త ఇనుము. హెల్మెట్ లోపలి థర్మోకోల్ పీకేసి పైడిప్ప ఒక్కటే పెట్టుకున్నట్టు.

పక్కనుంచి ఇంకో బండి గుద్దినా, కారు పల్టీ కొట్టినా తల వెళ్లి తగిలేది సరిగ్గా అక్కడే. సీటు బెల్టు ఒంటిని ఆపుతుంది గానీ తల పక్కకి ఊగకుండా ఆపలేదు. అందుకే ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 201 అని కార్ల భద్రత మీద అమెరికా ప్రభుత్వ రూలే ఉంది. పిల్లర్లకీ పైకప్పు అంచులకీ కూడా ఇది వర్తించేలా 1995లో మార్చారు. నాలుగున్నర కిలోల బొమ్మ తలని గంటకి 24 కిలోమీటర్ల వేగంతో ఆ పిల్లర్లకేసి కొట్టి చూస్తారు. తలకి తగిలే దెబ్బని లెక్కగట్టే అంకె 1000 దాటకూడదు. ఇదంతా నాకు మొన్నటిదాకా తెలీదు, ఆ కాగితం చేతికొచ్చాక రాత్రంతా కూర్చుని చదివాను. మావాడు వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుంటాడు. లాంగ్ డ్రైవ్‌లో ఆ పిల్లర్‌కే తల ఆనించి నోరు తెరుచుకుని నిద్రపోతాడు. చదువుతుంటే నాకు కనిపించింది అదే.

ఇప్పుడు అసలు మాట. సంతకం పెట్టేముందు నేను అడిగాను. ఊరికే కాదు, "దీనిమీద రీకాల్స్ ఏమైనా ఉన్నాయా?" అని స్పష్టంగా అడిగాను. ఆ సేల్స్ అబ్బాయి మన తెలుగువాడే. మానిటర్ నావైపు తిప్పి, హిస్టరీ రిపోర్ట్ తెరిచి, యాక్సిడెంట్లు లేవు అన్న లైను మీద వేలు పెట్టి, "చూడండక్కా, క్లీన్. రీకాల్స్ అన్నీ చేయించాకే మేం బండి బయట పెడతాం. మనం మనం ఒకటి, మీకు అబద్ధం చెప్తానా?" అన్నాడు. మౌస్‌తో సర్రున కిందికి లాగేసి విండో మూసేశాడు. నేనడిగింది రీకాల్ గురించి, వాడు చూపించింది యాక్సిడెంట్ గురించి. నేను అవతల తల ఊపుతున్నాను! రోజంతా ఆఫీసులో ఎక్సెల్ షీట్లలో తప్పులు పట్టే మనిషిని. తెలుగులో "అక్కా" అనేసరికి బుర్ర పనిచేయడం మానేసింది.

సర్వీస్ సెంటర్ పార్కింగ్‌లోంచే ఆ సేల్స్ అబ్బాయికి ఫోన్ చేశాను. మొదట "ఆ అక్కా, చెప్పండక్కా" అని తేనె కారింది. రీకాల్ మాట ఎత్తగానే గొంతు మారిపోయింది.

"అలా నేనెప్పుడన్నానండీ? ఎక్కడైనా రాసి ఉందా?"

అక్క కాస్తా అండీ అయిపోయింది, గమనించారా?

పిల్లర్లలో మెత్తలు లేవు, మా పిల్లలు కూర్చునేది అక్కడే అన్నాను. దానికి ఆ మహానుభావుడు, "చిన్న స్పాంజి ముక్క అండీ అది. అది లేకపోతే కారు నడవట్లేదా? ఇంజిన్ ఏమైనా ట్రబుల్ ఇస్తోందా?" అన్నాడు. వెనకాల ఎవరో నవ్వుతున్నారు కూడా. నేను కాగితంలో ఉన్నది చదివి వినిపించబోతే మధ్యలోనే ఆపి, "సార్ పక్కనున్నారా? ఆయనకి ఫోన్ ఇవ్వండి, ఆయనకైతే అర్థమవుతుంది" అన్నాడు.

కారు నా పేరు మీద ఉంది. లోన్ నా పేరు మీద ఉంది. సంతకం నాది. అమ్మేటప్పుడు సార్ గుర్తు రాలేదు, డెలివరీ రోజు కారు ముందు నిలబెట్టి ఫోటో తీసినప్పుడు రాలేదు. ఇప్పుడు కావలసి వచ్చాడు! పెట్టేశాను ఫోన్. ఇంకో నిమిషం మాట్లాడితే నోటికి ఏమొచ్చేదో నాకే తెలీదు. ఆ సాయంత్రమే అదే షోరూమ్ నుంచి మెసేజ్: "మీ అనుభవం ఎలా ఉంది? ఫైవ్ స్టార్ రివ్యూ ఇవ్వండి." ఇస్తాను నాయనా, తప్పకుండా ఇస్తాను.

ఇంకా మండే సంగతి చెప్పనా? ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం రీకాల్ పెండింగ్ ఉన్న కొత్త కారుని రిపేర్ చేయకుండా కస్టమర్‌కి అప్పగించకూడదు. 35 గానీ అంతకంటే ఎక్కువ గానీ కార్లున్న అద్దె కంపెనీ కూడా అలాంటి కారు ఇవ్వకూడదు, 2015లో చట్టం చేశారు. పాత కార్లు అమ్మేవాడికి మాత్రం ఫెడరల్ చట్టంలో ఆ నిషేధం లేదు. రెండు రోజులకి తీసుకునే అద్దె కారుకి ఉన్న భద్రత, పిల్లల్ని ఏళ్ల తరబడి తిప్పే సొంత కారుకి లేదన్నమాట.

పైగా రీకాల్ ఉత్తరాలు రిజిస్టర్ అయిన ఓనర్ అడ్రసుకి వెళ్తాయి. మా కారుది పాత ఓనర్‌కి పోయుంటుంది, ఆయన చించి పారేశాడో, చేయించకుండానే అమ్మేశాడో.

రిపేర్ సంగతి అడుగుతారేమో. డబ్బు పైసా కట్టక్కర్లేదు, ఆ కంపెనీ డీలర్ ఎవరైనా ఉచితంగానే చేయాలి, ఎన్నో ఓనర్ అనేదాంతో పని లేదు. పైకప్పుకి లోపల అతికించిన గుడ్డ అంచు కిందికి దించి చూసి, మెత్త లేకపోతే పెడతారట. పార్ట్స్ రావాలన్నారు, ఎదురుచూస్తున్నాం. అప్పటిదాకా పిల్లలు మావారి పాత డబ్బా కారులోనే.

కొనేవాళ్లు ఇంతమాత్రం చేయండి. ముందు అద్దం కింద, డ్రైవర్ వైపు మూలలో 17 అక్షరాల విన్ నంబర్ ఉంటుంది. షోరూమ్‌లో నిలబడే అమెరికా ప్రభుత్వ వాహన భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో కొట్టండి, నిమిషం పని. మీరే కొట్టండి, వాళ్ల మానిటర్ మీద కాదు. ఇప్పటికే కారు ఉన్నవాళ్లు కూడా ఒకసారి చూసుకోండి.

అన్నట్టు, పాత కార్ల అద్దానికి బయ్యర్స్ గైడ్ అని ఒక కాగితం అంటించి ఉంటుంది, డీలర్ పెట్టితీరాలి. మన కళ్లు "యాజ్ ఈజ్" (ఉన్నదున్నట్టు, డీలర్ వారంటీ లేదు) అన్న గడి దగ్గరే ఆగిపోతాయి. కిందికి చదివితే, కొనేముందు రీకాల్స్ చూసుకోమని అందులోనే రాసి ఉంది. నోటిమాటలు నిలబెట్టించడం కష్టం, ప్రతి హామీ డీలర్ చేత రాయించుకోమని కూడా ఉంది. "క్లియర్ అక్కా" అన్నవాడి చేతికి ఆ కాగితమే ఇచ్చి, ఆ మాట దానిమీద రాసి సంతకం పెట్టమనండి. రాయనంటే తాళాలు అక్కడే పెట్టేసి వచ్చేయండి.