విమానం సంగతి సరే, పేపర్లు ఎవరు చూస్తారు? డాలస్ దగ్గర ఒక ఫ్లయింగ్ స్కూల్ రివ్యూ

ఐదుకి నాలుగు స్టార్లు. స్కూల్ పేరు మాత్రం రాయట్లేదు. దీనికంటే ముందు వెళ్లిన ఇంకో స్కూల్‌కి ఇందులో కొన్ని తిట్లు ఉన్నాయి, రెండూ ఒకే రన్‌వే వాడతాయి, రేపు నేను అక్కడే పెట్రోల్ కొట్టించుకోవాలి. డాలస్‌కి ఉత్తరాన చిన్న ఎయిర్‌పోర్టు, అంతవరకు చాలు.

మాది ఖమ్మం. హెచ్1బీ మీద వచ్చి తొమ్మిదేళ్లయింది. పైలట్ ఉద్యోగం చేయాలని కాదు, శనివారం పొద్దున ఒక గంట గాల్లో తిరిగి రావాలని, అంతే. మా ఆవిడ పుట్టినరోజుకి ఒక డెమో ఫ్లైట్ కొనిచ్చింది, అక్కడ మొదలైంది ఈ పిచ్చి. డెమో ఫ్లైట్‌కి ఎవరి అనుమతీ అక్కర్లేదు, మనం ఏ దేశం వాళ్లమైనా డబ్బు కట్టి ఎక్కేయొచ్చు. దాని తర్వాత అసలు క్లాసు మొదలుపెట్టాలంటేనే, సిటిజన్ కాని వాళ్లందరికీ ముందు టీఎస్‌ఏ అనుమతి ఉండాలి. టీఎస్‌ఏ అంటే అమెరికా రవాణా భద్రతా సంస్థ, ఇన్నేళ్లు ఎయిర్‌పోర్టులో మన బూట్లు విప్పించిన వాళ్లే.

నా డెమో ఫ్లైట్ జరిగింది ఆ మొదటి స్కూల్లో. దిగగానే "వచ్చే శనివారం మొదలుపెట్టేద్దాం" అన్నారు. నేను ఇండియన్ సిటిజన్‌ని, టీఎస్‌ఏ సంగతి ఏంటి అని అడిగాను. "అది మెల్లగా చూసుకోవచ్చు, మొదటి నాలుగు క్లాసులు డెమో కింద రాసేద్దాం" అని చాలా మామూలుగా చెప్పేశాడు అక్కడి మేనేజర్. నాకు గుండె జారింది. వాళ్లకైతే మహా అయితే జరిమానా పడుతుందేమో, నా సంగతి ఏంటి, వీసా స్టాంపింగ్‌కి వెళ్లిన ప్రతిసారీ కడుపులో తిప్పే బతుకు మనది. పేపర్లు వచ్చాకే ఎగురుతానన్నాను. సరే అని ఐదొందల డాలర్లు డిపాజిట్ తీసుకున్నారు, ఆ తర్వాత మూడు వారాలు నా రిక్వెస్ట్ వాళ్ల వైపే ఆగిపోయింది. విషయమేంటంటే, మనం టీఎస్‌ఏ పోర్టల్లో అప్లై చేస్తే సరిపోదు, ఏ స్కూల్లో ఏ ట్రైనింగ్ అన్నది స్కూల్ కూడా తన అకౌంట్‌లోంచి ఒప్పుకోవాలి. ఆ అకౌంట్ పాస్‌వర్డ్ ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన అమ్మాయి దగ్గర ఉందట! డిపాజిట్ వెనక్కి రావడానికి ఇంకో పదిహేను రోజులు, నాలుగు ఫోన్లు.

రెండో స్కూల్‌కి వెళ్లినప్పుడు విమానాలు చూడకముందే ఒక ప్రశ్న అడిగాను: మీ సెక్యూరిటీ కోఆర్డినేటర్, అంటే ఈ టీఎస్‌ఏ పనులు చూసే మనిషి, ఎవరు? 2024 జులై 30 నుంచి అమల్లో ఉన్న కొత్త రూల్ ప్రకారం ప్రతి స్కూల్‌కీ అలాంటి ఒక మనిషి ఉండాలి. రిసెప్షన్‌లో ఉన్న పెద్దావిడ తల ఎత్తకుండా చెయ్యి ఎత్తింది. "నేనే. పాస్‌పోర్ట్ తెచ్చావా?" ఆ క్షణంలోనే మూడు స్టార్లు ఇచ్చేశాను మనసులో.

ఇక అప్లికేషన్. గత ఐదేళ్లలో ఎక్కడెక్కడ ఉన్నావు అని అడుగుతారు. కన్సల్టింగ్‌లో ఉన్న మన వాళ్లకి ఇది చిన్న ప్రశ్న కాదు, నాకు ఐదేళ్లలో ఆరు అడ్రస్‌లు తేలాయి, అందులో ఒకటి ముగ్గురం కలిసి ఉన్న అపార్ట్‌మెంట్, దాని యూనిట్ నంబర్ కోసం పాత అమెజాన్ ఆర్డర్లు తవ్వాల్సి వచ్చింది. రెండోది పేరు. నా పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, డ్రైవింగ్ లైసెన్స్‌లో సగానికి తెగిపోయింది, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరమే. అన్ని చోట్లా పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయమని, స్టూడెంట్ పైలట్ సర్టిఫికెట్‌కి అప్లై చేసేటప్పుడు కూడా అదే స్పెల్లింగ్ పెట్టమని ఆ పెద్దావిడ పక్కన కూర్చుని చెప్పింది. పాస్‌పోర్ట్‌లో గివెన్ నేమ్ ఖాళీగా ఉండి వీసాలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడినవాళ్లు మనలో చాలామందే ఉంటారు, మీరు ఇంకా ముందే అడిగి పెట్టుకోండి.

ఫీజు 140 డాలర్లు. తర్వాత వేలిముద్రలు. జనవరిలో వెళ్లాను, చలికి వేళ్లు ఎండిపోయి మిషన్ ఎడమ చేతి ఉంగరపు వేలిని నాలుగుసార్లు తిప్పికొట్టింది. అక్కడి కుర్రాడు సొరుగులోంచి లోషన్ బాటిల్ తీసి నా ముందు పెట్టాడు, రోజూ జరిగే పనే అన్నట్టు. ఇంటికొచ్చి అమ్మకి ఫోన్‌లో చెప్తే "విమానం నేర్చుకోడానికి వేలిముద్రలెందుకు నాన్నా, ఏం గొడవ చేశావు?" అంది.

అమ్మకి ఏం చెప్పాలి? 2001 సెప్టెంబర్ 11 దాడుల్లో విమానాలు నడిపిన మొహమ్మద్ అటా, మర్వాన్ అల్ షెహీ ఫ్లోరిడాలో వెనిస్ అనే ఊళ్లో చిన్న విమానాల మీదే నేర్చుకున్నారు. దాడి జరిగిన ఆరు నెలలకి, 2002 మార్చిలో, వాళ్లిద్దరి స్టూడెంట్ వీసా మంజూరైందని చెప్పే కాగితాలు ఆ స్కూల్‌కి పోస్టులో వచ్చాయి. చచ్చినవాళ్ల వీసా! ఆ దాడుల దగ్గర్నుంచి ఎవరు నేర్పుతున్నారు, ఎవరికి నేర్పుతున్నారు అన్నది సీరియస్‌గా పట్టుకున్నారు. మొదట 12,500 పౌండ్లు దాటిన పెద్ద విమానాలకే తనిఖీ, 2004 నుంచి మాలాంటి చిన్న విమానాల వాళ్లకీ వచ్చింది. నేను నేర్చుకున్న సెస్నా 172 మనుషులు, పెట్రోల్ అంతా ఎక్కించినా 2,550 పౌండ్లే, అంటే 1,157 కిలోలు. ఖాళీ ఇన్నోవా క్రిస్టా దీనికంటే బరువు. దీంతో ఎవరు ఏం చేస్తారు అనిపిస్తుంది, నిజమే, కానీ ఎవరైనా మొదలుపెట్టేది ఇక్కడే కదా అన్న వాదన కూడా నాకు అర్థమైంది. గ్లైడర్లకీ, బెలూన్లకీ మాత్రం ఈ పర్మిషన్ గొడవ లేదు.

పన్నెండో రోజున ఓకే అని మెయిల్ వచ్చింది. నెల వరకు పట్టొచ్చని మనసు దిట్టం చేసుకుని ఉన్నాను. ఈలోగా ఖాళీగా కూర్చోలేదు, సిమ్యులేటర్ ముట్టుకోకూడదు గానీ గ్రౌండ్ క్లాసులకి అనుమతి అక్కర్లేదు, మెడికల్ చేయించుకున్నాను, రాత పరీక్ష కూడా రాసేశాను. మీరూ అలాగే చేయండి.

మొదటి క్లాసు రోజు ఒక తమాషా. అనుమతి వచ్చిన మనిషీ, క్లాసుకి వచ్చిన మనిషీ ఒకరే అని చూపించడానికి స్కూల్ వాళ్లు ఫోటో తీసి పంపాలి. పెద్దావిడ నన్ను హ్యాంగర్ గోడకి నిలబెట్టి, క్యాప్ తీయించి, కళ్లజోడు తీయించి, "నవ్వకు" అని ఫోన్‌తో తీసింది. వెనకాల కోక్ మిషన్ పడింది. మళ్లీ తీసింది. అదే సమయంలో నాతో పాటు మొదలుపెట్టిన స్థానిక కాలేజీ కుర్రాడు అమెరికన్ పాస్‌పోర్ట్ చూపించాడు, ఇన్‌స్ట్రక్టర్ అతని లాగ్‌బుక్‌లో సిటిజనే అని ఒక వాక్యం రాసి సంతకం పెట్టాడు, అయిపోయింది, ఐదు నిమిషాలు. కుళ్లు రాలేదంటే అబద్ధం. ఇంకో తెలుగాయన, గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి తనకి ఇవన్నీ అక్కర్లేదని ధీమాగా వచ్చాడు. సార్, గ్రీన్ కార్డ్ ఉన్నా సిటిజన్ కాదుగా, మీరూ లైన్లోకి రండి.

పాత రూల్‌తో పోలిస్తే ఇప్పుడు చాలా నయం, ఇది ఒప్పుకోవాలి. 2019లో నేర్చుకున్న మా కొలీగ్ ప్రైవేట్ లైసెన్స్‌కి ఒకసారి, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కి (బయట ఏమీ కనపడకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత) ఒకసారి, మల్టీ ఇంజన్‌కి ఒకసారి, మూడుసార్లూ 130 డాలర్ల చొప్పున కట్టి మూడుసార్లూ ఎదురుచూశాడు. ఇప్పుడు ఒకసారి క్లియర్ అయితే ఐదేళ్ల వరకు చెల్లుతుంది. ఐ-94 (ఈ దేశంలో ఎప్పటివరకు ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు ముందే అయిపోతే మాత్రం అక్కడితో సరి, ఎక్స్‌టెన్షన్ రాగానే కొత్త పేపర్లు చూపించుకోవాలి. మధ్యలో స్కూల్ మారితే మళ్లీ ఫీజు లేదు, కొత్త స్కూల్ పోర్టల్లో నమోదు చేస్తే చాలు. రెండేళ్లకోసారి ఇన్‌స్ట్రక్టర్‌తో చేసే ఫ్లైట్ రివ్యూకీ, టెయిల్‌వీల్ (తోక కింద చక్రం ఉండే విమానం) ట్రైనింగ్ లాంటి వాటికీ ఈ అనుమతి అడగరు. సరదాకి నేర్చుకునేవాడికి ఇంతకంటే ఏం కావాలి. నా ఫిర్యాదల్లా ఒకటే, ఇన్ని రూల్స్ పెట్టి వాటిని నడిపించే పని స్కూల్ రిసెప్షన్ చేతిలో పెట్టారు. అక్కడ మనిషి గట్టిదైతే మీ పని పన్నెండు రోజుల్లో అవుతుంది, లేకపోతే పాస్‌వర్డ్ కోసం మూడు వారాలు.

ఫ్లయింగ్ విషయానికొస్తే, ఇన్‌స్ట్రక్టర్ ఓపిక మనిషి. అరవడు. నేను పదకొండోసారి కూడా ల్యాండింగ్‌లో బంతిలా ఎగిరించినప్పుడు "బాగానే ఉంది, ఒకే ల్యాండింగ్‌కి మూడు రాసుకోవచ్చు" అన్నాడు. విమానం అద్దె గంటకి 185 డాలర్లు, ఆయనకి 70. చట్టం ప్రకారం కనీసం 40 గంటలు, నాకు పరీక్ష నాటికి 63 అయ్యాయి, కాబట్టి 40తో లెక్కేసుకుని ఇంట్లో బడ్జెట్ చెప్పకండి, తర్వాత మాట పడతారు. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం స్లాట్ వద్దే వద్దు. టెక్సస్ ఎండకి గాలి పలచబడి విమానం పైకి లేవడానికి బద్ధకిస్తుంది, పైగా నేల నుంచి లేచే వేడిగాలికి ఖమ్మం పాత బస్సులో ఉన్నట్టు ఉంటుంది. పొద్దున ఏడింటికి రే రాబర్ట్స్ చెరువు మీద తిరగడం మాత్రం వేరే లోకం. లైసెన్స్ వచ్చింది, మా ఆవిడ ఇంకా ఎక్కలేదు. "ముందు మీ ఫ్రెండ్స్‌ని తీసుకెళ్లండి, తర్వాత చూద్దాం" అంటోంది.

తగ్గించిన స్టార్ బుకింగ్‌కి. ఉన్నవి మూడే విమానాలు, శనివారం పొద్దున కావాలంటే రెండు వారాల ముందే పట్టుకోవాలి. అప్పుడు కూడా నీలం చారల 172 అడగండి, తెల్లదాంట్లో ఎడమ సీటు ముందుకి జరగదు, నా ఎత్తు వాళ్లకైతే వెనక దిండు పెట్టుకుంటే గానీ కాళ్లకి రడ్డర్ పెడల్ అందదు.