జేఎల్ఏ–అవెంజర్స్: పదిహేనేళ్ళ తరువాత, విడి కాగితాలుగా

జేఎల్ఏ–అవెంజర్స్ అంటే డీసీ కంపెనీ వాళ్ళ జస్టిస్ లీగ్, మార్వెల్ కంపెనీ వాళ్ళ అవెంజర్స్ అనే రెండు వీరుల జట్లు తలపడే కామిక్స్ పుస్తకం. అంతకు మించిన పరిచయాలు ఇక్కడ అనవసరం. నాకు ఈ పుస్తకం మీద ఉన్నది ఒక్కటే కోపం, అదీ రెండు పేజీలు కలిసే నడిమధ్య గురించి. పన్నెండేళ్ళు ఆ కోపంతోనే చదివాను.

2003–04లో నాలుగు సంచికలుగా వచ్చిన కథ ఇది. కర్ట్ బ్యూసిక్ రాశాడు, జార్జ్ పెరెజ్ బొమ్మలు వేశాడు. నా దగ్గర ఉన్నది 2008 నాటి పేపర్‌బ్యాక్ సంపుటి. 2010లో హైదరాబాదు వెళ్ళినప్పుడు ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికింది. బస్సులో అమలాపురం చేరేలోపే రెండుసార్లు చదివాను.

పెరెజ్ గుంపును గీస్తే అందులో ప్రతి మనిషికీ ఒక ముఖం ఉంటుంది. కనుమ నాడు మా కోనసీమలోని జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళినవాళ్ళకు ఈ మాట ఇట్టే అర్థమవుతుంది. పదకొండు ఊళ్ళ రుద్రులు ప్రభల మీద వచ్చి చేరితే దూరానికి అదంతా ఒకే రంగుల గోడ. గంగలకుర్రు వాళ్ళను అడిగి చూడండి, తమ ప్రభ కౌశిక కాలువ దాటుతున్నప్పుడు ఏ మూల ఎవరి భుజం ఉందో చెబుతారు. పెరెజ్‌ది అలాంటి కన్ను. మూడో సంచిక అట్ట మీద రెండు జట్లలోనూ అప్పటిదాకా సభ్యులైనవాళ్ళందరినీ గీశాడు. అలాంటి మనిషి రెండు పేజీల మీద పరిచిన యుద్ధాన్ని తీసుకెళ్ళి, జిగురు పెట్టిన పుస్తకం వీపులోకి అరంగుళం మేర దోపేస్తే ఎలా ఉంటుంది? గట్టిగా తెరిస్తే వీపు విరుగుతుంది, తెరవకపోతే మనుషులు కనబడరు. నేను తెరవకుండానే నెట్టుకొచ్చాను.

మూడేళ్ళ కిందటి వానాకాలంలో ఆ జాగ్రత్త కూడా దండగైంది. మాది పాత పెంకుటిల్లు. పుస్తకం గోడలోని గూట్లో ఉంది, గోడ అవతల తూము. ఆ శ్రావణంలో పది రోజులు ముసురు పట్టింది, నేను గూడు తెరవలేదు. తెరిచాక చూస్తే అట్ట మీద బూజు, లోపల ముప్పై కాగితాల దాకా ఒకదానికొకటి కరుచుకుని ఉన్నాయి. నున్నటి పూత ఉన్న కాగితానికి చెమ్మ తగిలితే అంతే, తడిగా ఉన్నప్పుడు విడదీయాలి, ఎండితే పలక అవుతుంది. రాత్రంతా ఫ్యాను కింద కూర్చుని భోజనాల బల్ల మీద ఒక్కొక్కటే లాగాను. చాలావరకు వచ్చాయి. ఒకచోట మాత్రం థోర్ ఉత్తరీయం ఎరుపు ఎదుటి పేజీలోని ఆకాశానికి అంటుకుని, ఇప్పటికీ అక్కడే ఉంది. తెల్లారేసరికి వీపు జిగురు పెళుసెక్కి, కాగితాలన్నీ పేకముక్కల్లా చేతిలోకి వచ్చేశాయి.

మా ఊళ్ళో రిజిస్టర్లు, బడి పుస్తకాలు బైండు చేసే పెద్దాయన దగ్గరకు పట్టుకెళ్ళాను. పొయ్యి మీద మైదా ఉడుకుతోంది, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతున్నాడు. చెయ్యి తుడుచుకుని నాలుగు కాగితాలు తిప్పి చూశాడు.

"కుట్టడానికి వీల్లేదండి. ఇవి మడత ఫారాలు కావు, విడి కాగితాలు. అంచున సూది దించితే ఇంకో అరంగుళం పోతుంది. ఇప్పటికే మధ్యలో కొందరు మనుషులు పోయినట్టున్నారు కదండీ."

బొమ్మల పుస్తకం అని నవ్వకుండా, నేను పన్నెండేళ్ళుగా మింగలేకపోతున్న సంగతి అర నిమిషంలో చెప్పిన మనిషి ఆయన. కుట్టకుండా, కాలికో గుడ్డ అతికించిన రెండు అట్టలు, నాలుగు నాడాలు ఇచ్చాడు. కోర్టు దస్త్రంలా కట్టుకోమన్నాడు. నూట ఎనభై రూపాయలు.

ఇంటికొచ్చి నాలుగో సంచికలోని యుద్ధాన్ని హాలు గచ్చు మీద పరిచాను. రెండేసి కాగితాలు అంచుకు అంచు ఆనించాను. జిగురు చార పక్కన అంతకాలం సగం చెవి, సగం రెక్క అనుకున్నవి మనుషులయ్యారు. పుస్తకం పాడైందని ఏడవాలో, ఇప్పటికి చూశానని సంతోషించాలో తెలియక గంటసేపు నేల మీదే ఉన్నాను.

ఇదే అన్నిటికంటే గొప్ప కథ అని ఇదివరకు కనబడ్డవాళ్ళందరికీ చెప్పాను. ఇప్పుడు కాస్త తగ్గిస్తాను. మొదటి సగం క్రోనా, గ్రాండ్‌మాస్టర్ అనే ఇద్దరు మహాశక్తిమంతుల పందెం కోసం పన్నెండు వస్తువుల వెంట పడటమే. సూపర్‌మ్యాన్, థోర్ కొట్టుకుంటే ఎవరు గెలుస్తారన్న ముచ్చట తీరుతుంది, అంతకు మించి ఏమీ లేదు. అసలు పట్టు మూడో సంచికలో ఉంది. కలిసిపోయిన రెండు జట్ల లోకాలను విడదీసి యథాస్థితికి తెస్తే తమకు ఏమి జరగబోతుందో వీరులకు ముందే చూపిస్తారు. ఫ్లాష్ అయిన బ్యారీ అలెన్ తన చావును, గ్రీన్ లాంటర్న్ అయిన హాల్ జోర్డన్ తన పతనాన్ని చూస్తారు. చూసి కూడా లోకాలను బాగు చేయడానికే ఒప్పుకుంటారు. బ్యారీ చావును 1985లో, 'క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్' ఎనిమిదో సంచికలో గీసింది కూడా ఈ పెరెజే. ఆ సంగతి తెలిసినవాళ్ళకు అక్కడ గొంతు పట్టేస్తుంది.

తెలియనివాళ్ళకు ఏమవుతుందో మా మేనల్లుడిని చూశాక తెలిసింది. వాడికి పదమూడేళ్ళు, సినిమాలు మాత్రమే ఎరుగుదును అంటాడు. "ఎవరు మావయ్యా ఈ ఎర్ర చొక్కా?" అని అడిగాడు. చెప్పడానికి నాకు అరగంట పట్టింది. "అయితే పాపం" అని, వాడు కాగితం తిప్పేశాడు. తప్పు వాడిది కాదు. పాతికేళ్ళ బాకీ ఉన్నవాడికే ఈ కథ వడ్డీతో సహా ముడుతుంది.

విడి కాగితాల సుఖానికి కూడా ఖరీదు ఉంది. సూపర్‌మ్యాన్ ఒక చేత్తో కెప్టెన్ అమెరికా డాలు, మరో చేత్తో థోర్ సుత్తి పట్టుకునే కాగితాన్ని మా మేనల్లుడే స్నేహితులకు చూపించాలని బడికి పట్టుకెళ్ళాడు. లెక్కల నోటుబుక్కులో నాలుగు మడతలై తిరిగొచ్చింది. కుట్టిన పుస్తకమైతే ఈ గతి పట్టేది కాదు. మరొకటి కొందామా అంటే, రెండు కంపెనీల ఉమ్మడి ఆస్తి కనుక ఏళ్ళ తరబడి అచ్చు లేదు. పెరెజ్ చివరి రోజుల్లో, 2022లో, కామిక్స్ కళాకారులను ఆదుకునే ఒక ధార్మిక సంస్థ కోసం ఏడు వేల ప్రతులు మాత్రం వేశారు. ఆ ఏడు వేలలో ఒకటీ కోనసీమ దాకా రాలేదు. ఆ ఏడాది మే నెలలో ఆయన పోయాడు.

కొనమంటారా అని అడిగితే సూటిగా చెప్పలేను. నాకు ఇంట్లో గచ్చు ఖాళీగా ఉంటుంది, సాయంత్రాలు ఖాళీగా ఉంటాయి, చత్వారం వచ్చింది కనుక దగ్గరకు వంగి చూడటం అలవాటైంది. చిన్న ఫ్లాటులో, మంచం మీద పడుకుని చదివేవాళ్ళకు ఈ సుఖం దొరకదు. ఎక్కడైనా పాత ప్రతి చవకగా కనబడితే వీపు నొక్కి చూడండి. గోదావరి జిల్లాల వాళ్ళయితే గోడ గూట్లో మాత్రం పెట్టకండి.

మడతలు పడ్డ ఆ కాగితం నెల రోజులుగా నిఘంటువు కింద ఉంది. మూడు మడతలు సర్దుకున్నాయి. సుత్తి పిడి మీదుగా పోయినది మాత్రం అలాగే ఉంది.