డాబా మీదికి ఏ ప్యానెల్ మేలు: డీసీఆరా, నాన్-డీసీఆరా?

తెనాలిలోని మా బాబాయి డాబా మీద సోలార్ పెట్టించాలనుకుని ఇద్దరు వ్యాపారుల దగ్గర కొటేషన్లు తీసుకున్నారు. రెండూ 3 కిలోవాట్లకే అయినా, ఒకదానిలో ప్యానెల్ ధర వాట్‌కు పది రూపాయలు తక్కువగా ఉంది. "ఒకే సరుకుకు ఇంత తేడా ఏమిట్రా?" అని ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు ఆ కాగితాల మీదే ఓ మూల చిన్న అక్షరాలలో ఉంది. ఖరీదైనది డీసీఆర్, చవకది నాన్-డీసీఆర్.

ఎండను కరెంటుగా మార్చే సెల్లూ, ఆ సెల్లులను కూర్చి చేసే ప్యానెలూ రెండూ మన దేశంలోనే తయారైతే అది డీసీఆర్, అంటే దేశీయ సరుకే వాడాలన్న షరతుకు (డొమెస్టిక్ కంటెంట్ రిక్వైర్‌మెంట్) తగినది. సెల్లులను బయటి నుంచి, ముఖ్యంగా చైనా నుంచి తెప్పించి ఇక్కడ బిగిస్తే అది నాన్-డీసీఆర్. దీన్ని చాలామంది చైనా ప్యానెల్ అని పిలుస్తారు గానీ అది సరి కాదు. కేంద్రం ఆమోదించిన తయారీదారుల జాబితా, అంటే ఏఎల్ఎంఎం, 2024 ఏప్రిల్ 1న మళ్ళీ అమలులోకి వచ్చాక, అందులో లేని ప్యానెల్‌ను నెట్ మీటర్ కనెక్షన్‌కు (మిగులు కరెంటును గ్రిడ్‌కు పంపి బిల్లులో తగ్గించుకునే ఏర్పాటుకు) వాడే వీలు లేదు. ఆ జాబితాలో చైనా కంపెనీ ఒక్కటీ లేదు.

ధరలో తేడాకు మూలం విధానంలోనూ ఉంది, బజారులోనూ ఉంది. 2022 ఏప్రిల్ నుంచి దిగుమతి ప్యానెళ్ళ మీద 40 శాతం, సెల్లుల మీద 25 శాతం సుంకం పడింది. ఆ మరుసటి ఏడాది చైనాలో ఉత్పత్తి గిరాకీని మించిపోయి, ప్రపంచ బజారులో ప్యానెల్ ధర దాదాపు సగానికి పడిపోయింది. సుంకం కట్టినా సెల్లు చవకే కనుక, సెల్లు తెచ్చి ఇక్కడ ప్యానెల్ బిగించే ఫ్యాక్టరీలు వేగంగా వెలిశాయి. 2025 ఆగస్టుకు ఏఎల్ఎంఎంలో నమోదైన ప్యానెళ్ళ సామర్థ్యం 100 గిగావాట్లకు చేరింది. సెల్లు తయారీకి మాత్రం పెట్టుబడీ, శుద్ధమైన నీరూ, చేయి తిరిగిన పనివాళ్ళూ ఎక్కువ కావాలి. హైదరాబాద్ శివార్లలో ప్రీమియర్ ఎనర్జీస్ వంటి కొద్ది సంస్థలు సెల్లులు చేస్తున్నా, ప్యానెళ్ళ సామర్థ్యంతో పోలిస్తే అది చాలా తక్కువ. ఆ కొరతే డీసీఆర్ ధరలో కనిపిస్తుంది.

ఇక లెక్కకు వద్దాం. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30 వేల చొప్పున, మూడో కిలోవాట్‌కు 18 వేలు, మొత్తం 78 వేల రూపాయల రాయితీ వస్తుంది. ఆ పైన ఎంత పెట్టినా అంతే. ఈ రాయితీ డీసీఆర్ ప్యానెళ్ళకు మాత్రమే. వాట్‌కు పది రూపాయల తేడాతో చూస్తే, 3 కిలోవాట్లకు డీసీఆర్ కోసం అదనంగా పెట్టేది 30 వేలు, చేతికి వచ్చేది 78 వేలు. నికరంగా 48 వేలు మిగులు. బాబాయి చవక అనుకున్న కాగితమే అసలు ఖరీదైనది. ఆంధ్రప్రదేశ్‌లో బీసీ కుటుంబాలకు రాష్ట్రం అదనంగా 20 వేలు ఇస్తుంది కనుక వాళ్ళ విషయంలో ఆలోచించవలసిన పనే లేదు.

పరిమాణం పెరిగే కొద్దీ లెక్క మారుతుంది. అదే పది రూపాయల తేడాతో 7.8 కిలోవాట్ల దగ్గర రెండూ సమానమవుతాయి. పది కిలోవాట్లు పెట్టుకునే పెద్ద ఇంటికి డీసీఆర్ అదనపు ఖర్చు లక్ష, రాయితీ 78 వేలే. దుకాణాలకూ చిన్న పరిశ్రమలకూ ఈ రాయితీ అసలే రాదు కాబట్టి వాళ్ళు ఇన్నాళ్ళూ నాన్-డీసీఆర్ వైపు వెళ్ళడం సహజమే. అపార్ట్‌మెంట్ సంఘాల సంగతి వేరు: ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18 వేలు వస్తుంది కనుక, 500 కిలోవాట్ల దాకా వాళ్ళకు డీసీఆరే లాభం. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది గానీ, అది రెండింటికీ వర్తించేదే.

నాణ్యత విషయంలో నాన్-డీసీఆర్‌కు దక్కవలసిన మార్కులు దక్కాలి. కొత్త తరం టాప్‌కాన్ సెల్లులు ముందుగా వచ్చింది ఆ దారిలోనే. పాత మోనో పెర్క్ ప్యానెల్ 540 వాట్లు ఇచ్చే చోట, దాదాపు అంతే వెడల్పున్న టాప్‌కాన్ ప్యానెల్ 580 వాట్ల దాకా ఇస్తుంది. నీళ్ళ ట్యాంకు, మెట్ల గది పోగా చోటు మిగలని డాబాలకు ఇది చిన్న విషయం కాదు. అయితే డీసీఆర్‌లోనూ టాప్‌కాన్ వస్తోంది, అడిగి తీసుకోవాలి.

అసలు ఈ ఎంపికకే గడువు ఉంది. 2024 డిసెంబరులో వచ్చిన ఉత్తర్వు ప్రకారం 2026 జూన్ 1 నుంచి సెల్లులకూ ఆమోదిత జాబితా వర్తిస్తుంది, నెట్ మీటర్ కనెక్షన్లూ అందులోకి వస్తాయి. విదేశీ సెల్లుల మీద ఆధారం తగ్గించాలన్న ఉద్దేశం సరైనదే. కానీ సెల్లు ఫ్యాక్టరీలు సరిపడా లేవకముందే తలుపు మూస్తే ఆ భారం రాయితీ రాని చిన్న వ్యాపారి మీద పడుతుందని నా ఆందోళన.

బాబాయికి నేను చెప్పింది డీసీఆర్ తీసుకోమని, అదీ రెండు కిలోవాట్లే చాలని. ఆయన వాడకం నెలకు 300 యూనిట్లు. ఆంధ్రప్రదేశ్ శ్లాబుల ప్రకారం విద్యుత్ ఛార్జీయే సుమారు 1,673 రూపాయలు. రెండు కిలోవాట్లు నెలకు ఇచ్చే 240 యూనిట్లు ముందుగా 8.75 రూపాయల శ్లాబునూ 6 రూపాయల శ్లాబునూ తినేస్తాయి. మిగిలిన 60 యూనిట్లకు పడేది 147 రూపాయలు. ఆ 147 కోసం మూడో కిలోవాట్ దండగ. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్లు ఉచితంగా అందుకునే ఇంటికైతే ఏ ప్యానెలూ గిట్టుబాటు కాదు.

సరుకు దిగిన రోజు డాబా ఎక్కి ఒక్కో ప్యానెల్‌ను తిరగేసి, వెనక స్టిక్కర్ మీది సీరియల్ నంబరును డీసీఆర్ ధ్రువపత్రంలోని నంబర్లతో సరిచూశాం. నాలుగింటిలో ఒకటి కలవలేదు. వ్యాపారి పొరపాటన్నాడు, రెండు రోజుల్లో మార్చి ఇచ్చాడు. అప్పటిదాకా బాబాయి బిగింపు మొదలుపెట్టనివ్వలేదు.