గెలాక్సీ ప్రింట్ స్విమ్‌సూట్ కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

నెబ్యులాలు (అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘాలు), నక్షత్రాల బొమ్మలున్న స్విమ్‌సూట్ కోసం వెతుకుతున్న ఆడవాళ్లకి ఈ పోస్టు. నా డబ్బులు ఎలాగూ పోయాయి, కనీసం మీవైనా మిగలాలి.

నాకు ఆకాశం పిచ్చి. "జేమ్స్ వెబ్ ఒరిజినల్ ఫొటో ప్రింట్" (వెబ్ అంటే అంతరిక్షంలోని టెలిస్కోప్) అని కనిపించగానే వెనకా ముందూ చూడకుండా ఆర్డర్ పెట్టేశాను. ఫొటోలో మోడల్ ఒంటిమీద బట్టకి ఒక్క ముడత లేదు. అప్పుడే అనుమానం రావాల్సింది. అది అసలు సరుకు ఫొటో కాదు, సాదా స్విమ్‌సూట్ మీద కంప్యూటర్లో అతికించిన బొమ్మ.

పార్సిల్ విప్పితే బాగానే కనిపించింది. వేసుకున్నాక బయటపడింది అసలు రంగు. ఛాతీ దగ్గర, తుంటి దగ్గర బట్ట సాగిన చోటల్లా నల్లటి ఆకాశం బూడిదరంగుకి తిరిగింది, సందుల్లోంచి తెల్లటి పోగులు తొంగిచూశాయి. ఇలాంటి ప్రింట్లు చాలావరకు సబ్లిమేషన్ పద్ధతిలో వేస్తారు. తెల్లటి పాలిస్టర్ బట్ట మీద బొమ్మ ముద్రించిన కాగితం పెట్టి, దాదాపు 200 డిగ్రీల వేడితో నొక్కి రంగు ఎక్కిస్తారు. ఆ రంగు పైపైనే ఉంటుంది, లోపలి స్పాండెక్స్ (సాగే గుణమున్న) దారానికి సరిగ్గా పట్టదు. పూల డిజైన్ అయితే ఎవరూ గమనించరు. నిండా నలుపున్న ఆకాశంలో తెలుపు ఎక్కడ దాక్కుంటుంది?

ఇక ఫొటో సంగతి. అది వెబ్ తీసినది కానే కాదు. 1995లో హబుల్ అనే పాత అంతరిక్ష టెలిస్కోప్ తీసిన, ఈగిల్ నెబ్యులాలోని స్తంభాల్లాంటి మేఘాలవి. ఎలా తెలుసంటే, అప్పటి హబుల్ కెమెరాలోని నాలుగు భాగాల్లో ఒకటి మిగతావాటికంటే దగ్గరగా చూసేది, దాని ఫొటోని కొలత సరిపెట్టి అతికిస్తే చిన్నదైపోయి ఆ మూల మెట్లమెట్లుగా నల్లగా మిగిలిపోయింది. ఆ మెట్లు కూడా నా ఎడమ భుజం మీదకి యథాతథంగా దిగాయి! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వెబ్ అదే చోటుని 2022లో తీసింది. నాసా ఫొటోలు చాలావరకు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, పెద్ద సైజువి కూడా దొరుకుతాయి. అయినా వీళ్లు చిన్న ఫైలుని సాగదీశారు, నక్షత్రాలన్నీ చదరపు గళ్లయిపోయాయి.

తర్వాత నేను చేసిన తప్పు: బాత్రూంలో తడిపి చూశాను. లేత రంగు మేఘం ఉన్న చోట లైటు ముందు పట్టుకుంటే వెనక నా అయిదు వేళ్లూ లెక్కపెట్టుకోవచ్చు. ముందువైపు లైనింగే లేదు. అలా పూల్‌కి వెళ్లుంటే పరువు పోయేది. కానీ తడిపాను కాబట్టి "వాడిన సరుకు, రిటర్న్ లేదు" అన్నారు. వాడలేదని తెలిపే హైజీన్ స్టిక్కర్ ఊడలేదని చూపించినా వినలేదు. తెల్లబడిన ఫొటోలు పంపితే, మీ ఫోన్ స్క్రీన్ వల్ల అలా కనిపిస్తోందట.

కొనక తప్పదనుకుంటే, బట్టని చేత్తో సాగదీసిన వీడియో, లోపలివైపు ఫొటో అడగండి. ఇవ్వనంటే వదిలేయండి. వచ్చాక తడపకుండానే, లోపల చెయ్యిపెట్టి లైటు కింద సాగదీసి చూడండి, పార్సిల్ విప్పేటప్పుడే వీడియో తీసుకోండి. పిల్లలకైతే ఈ ముదురు నీలాలు అసలొద్దు, నీళ్లలో కలిసిపోయి మనిషి కనిపించరు.

కార్డు బ్యాంకులో కంప్లైంట్ పెట్టాను. డబ్బు వస్తే ఇక్కడే చెప్తాను.